కడపటి కొండమేక

శుక్రుని మృతసంజీవని కచుని బ్రతికించెనని మన పురాణము చెప్పును. బ్రతికినది ఒక్క వ్యక్తి. నశించిన జంతుజాతిని బ్రతికింపవచ్చునా? స్పెయిన్ దేశమున ఒకమారు ఇది ప్రయత్నించి చూచిరి.

పిరనీస్ పర్వతములలో బుకార్దో అను కొండమేకలు ఉండెడివి. ముఖ్యముగా వేట మూలమున అవి క్షీణించి, కడకు ఒక్క ఆడుది మిగిలెను. దానికి సీలియా అని పేరిడిరి. 1999లో దానిని పట్టి, చెవినుండి చిన్న చర్మపు ముక్క తీసికొని విడిచిపెట్టిరి. 2000 జనవరిలో చెట్టు మీదపడి అది మరణించెను. చర్మకణములు మాత్రము ద్రవ నైట్రోజనునందు, సున్నకు 196 డిగ్రీల దిగువ చలిలో, భద్రముగా నుండెను.

కణము నడుమ కేంద్రకమున్నది. ప్రాణి రూపురేఖలకు మూలమైన లిపి చాలవరకు దానియందే యుండును. శాస్త్రజ్ఞులు పెంపుడు మేక అండమునుండి కేంద్రకమును తొలగించి, ఆ స్థానమున సీలియా కణకేంద్రకమును చేర్చిరి. అట్లేర్పడిన పిండములను పదులకొలది మేకల గర్భములలో నుంచగా, 2003 జూలై 30న ఒక్క పిల్ల మాత్రము ప్రాణముతో పుట్టెను. ఊపిరితిత్తుల లోపముచే కొన్ని నిమిషములకే అదియు పోయెను.

బ్రతికియుండిన ఏమగును? అదియు ఆడుదే. పోతు కణములను ఎవరును దాచియుంచలేదు. ఏ రాతిపై నిలువవలెనో, మంచు కురియునప్పుడు ఎచటికి దిగవలెనో చూపుటకు తనజాతి తల్లి లేదు. అండము మేకది గనుక, కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలును మేకవే. ఇంతమాత్రమునకై అన్ని మేకలను శస్త్రచికిత్సల పాలు చేయుట మాకు న్యాయముగా తోచలేదు. కణములను దాచుటను మేము తప్పుపట్టము. మంద బ్రతికియుండగనే, ఆడు మగ రెంటినుండియు దాచవలసినది.

2014లో ఫ్రాన్సు వారు తమవైపు పిరనీస్ కొండలలో మరికొన్ని కొండమేకలను విడిచిరి. అవి మాడ్రిడ్ సమీపమున గల గ్వాదర్రామా కొండలనుండి తెచ్చినవి. సీలియా జాతి కావు, దాయాదులు. మందగా వచ్చినవి గనుక, ఆ కొండలలోనే పిల్లలను ఈనినవి.