యూరియా బస్తాలో పరాధీనత

సింగరాయకొండ ప్రాంతపు మిరపచేలకు జల్లు యూరియా వెనుక విదేశపు సహజవాయు వున్నదని తలచువా రరుదు. 45 కిలోల బస్తా తయారగుటకు సుమారు 4½ కిలోల హైడ్రోజను వలయును. దానిని మన కర్మాగారములు సహజవాయువునుండియే తీయుచున్నవి. ఆ వాయువులో పెద్దపాలు దిగుమతి.

నీటిని విద్యుచ్ఛక్తితో విడదీసినను హైడ్రోజను వచ్చును గాని కిలోకు 50 యూనిట్ల వరకు కరెంటు పట్టును. ఆ ఖర్చును తగ్గించునది ఉత్ప్రేరకము. అందు శ్రేష్ఠమైన ప్లాటినము అధికముగా దక్షిణాఫ్రికా గనులది. వాయువునకు చాచిన చేయి ప్లాటినమునకు చాచుట యేమి స్వాతంత్ర్యము?

నికెలు, మాలిబ్డినము కలిసిన మిశ్రలోహపు నానోకణములు క్షారజలమున నీపనికి యోగ్యములని ప్రయోగములవలన తేలినది. నికెలును మనము కొనునదే. అయినను ధరలో ప్లాటినముతో పోలిక లేదు. క్రియ జరుగునది లోహపు పైతలమున. సెంటీమీటరు ఘనమును 10 నానోమీటర్ల తునకలుగా కోసినచో తలములన్నియు కలిసి 600 చదరపు మీటర్లు, దాదాపు 15 సెంట్ల నేల యగును! అయితే యీ కణములు క్రమముగా ముద్దకట్టును. వీనిని ఏండ్లకొలది నిలుపుటయే కష్టము.

2023 జనవరిలో కేంద్రప్రభుత్వము హరిత హైడ్రోజను ప్రణాళికకు 19,744 కోట్ల రూపాయలు మంజూరుచేసెను. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడక కేంద్రమునకు శంకుస్థాపనయు జరిగెను. ఆ మొత్తమున పరిశోధనకు దక్కినది 400 కోట్లు, ఏబదింట నొకపాలు. ఈ పాలు పెంచుమని మన ప్రతినిధులు పార్లమెంటులో గట్టిగా అడుగవలయును.