నలభై మిల్లీమీటర్ల గాలి

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడితే రెండు రకాల సైకిళ్ళు కనిపిస్తాయి. ఒకటి కంకర దారుల కోసం చేసిన గ్రావెల్ బైకు. కిందికి వంగిన హ్యాండిలు, డిస్కు బ్రేకులు, ఒంటి చేత్తో ఎత్తగలిగే పది కిలోల బరువు. ధర లక్ష దాటినవే ఎక్కువ. రెండోది పాత నల్ల సైకిలు. క్యారేజీ మీద పేపర్ల కట్టో, టీ ఫ్లాస్కో ఉంటుంది. బరువు ఇరవై కిలోల దాకా తూగుతుంది. ఆ రెండింటి టైర్లనూ పక్క నుంచి దగ్గరగా చూడండి. గ్రావెల్ టైరు మీద సాధారణంగా కనిపించే అంకె 40-622. నల్ల సైకిలు టైరు మీద 28×1½ అని ఉంటుంది, ఇప్పటి కొలతల్లో అది 40-635. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. వ్యాసంలో తేడా పదమూడు మిల్లీమీటర్లే. వెడల్పు మాత్రం రెండింటికీ నలభయ్యే.

సరైన రోడ్డు లేని చోట సైకిలుకు ఏం కావాలి? ఈ ప్రశ్నకు వందేళ్ళ ఎడంలో పుట్టిన రెండు యంత్రాలు ఒకే జవాబు చెప్పాయి. గ్రావెల్ బైకు జీవితకథ అంతా ఆ జవాబు దొరకడం, మరుగున పడటం, మళ్ళీ దొరకడం.

కుదుపుతో మొదలైన కథ

1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ రెండు చెక్క చక్రాల బండెక్కి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ గంట లోపే సుమారు పదమూడు కిలోమీటర్లు తిరిగొచ్చాడు. ఆ బండికి పెడళ్ళు లేవు. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు బిగించారు. ఇనుప పట్టా వేసిన ఆ చక్రాలు రాళ్ళ వీధుల్లో ఒళ్ళు హూనం చేసేవి. 1870లలో ముందు చక్రాన్ని మనిషి ఛాతీ ఎత్తు దాకా పెంచారు. చక్రం పెద్దదైతే ఒక్క తొక్కుడుకు ఎక్కువ దూరం పోతుంది, చిన్న గుంతలు తెలియవు. కానీ గట్టిగా బ్రేకు వేస్తే మనిషి తలకిందులుగా పడేవాడు.

ఈ చిక్కును గొలుసు తీర్చింది. 1880లో హన్స్ రెనాల్డ్ రోలర్ చైనుకు పేటెంటు తీసుకున్నాడు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, వెనక చక్రానికి చైను కలిపి రోవర్ సైకిలును తెచ్చాడు. మన వీధిలో తిరిగే ప్రతి సైకిలూ దాని సంతానమే. అయితే చక్రం చిన్నదయ్యేసరికి కుదుపు మళ్ళీ మొదటికొచ్చింది.

మూడేళ్ళకే దానికీ మందు దొరికింది. 1888లో బెల్‌ఫాస్టులో ఉన్న పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు రబ్బరు గొట్టం చుట్టి అందులో గాలి నింపాడు. నిజానికి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. కానీ అది వాడుకలోకి రాక ఆ ఆలోచన మూలపడింది. మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. గాలి టైరును నున్నని రోడ్డు కోసం ఎవరూ చేయలేదు, రాళ్ళబాట కోసమే చేశారు.

గాలి చేసే పని

దారిలో సెంటీమీటరు ఎత్తు గులకరాయి ఉందనుకుందాం. గట్టి చక్రం దాని మీదికి ఎక్కాలంటే సైకిలునూ, మనిషినీ కలిపి పైకి లేపాలి. ఆ శక్తి ముందుకు పోయే వేగంలోంచే రావాలి. రాయి దిగాక అదంతా తిరిగి రాదు. చాలా భాగం మన కండల్లో, చేతుల్లో, నడుములో అదురుగా మారి వేడిగా పోతుంది. గాలి టైరైతే రాయి టైరులోకి దిగబడుతుంది, చక్రపు ఇరుసు దాదాపు అదే ఎత్తులో సాగిపోతుంది. గరుకు నేల మీద మెత్తటి టైరు సుఖంగా ఉండటమే కాక వేగంగా కూడా ఉండటానికి కారణం ఇదే.

లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలైతే వెనక చక్రం మీద సుమారు 47 కిలోలు పడతాయి. రేసు సైకిలు సన్న టైరులో చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పీడనం ఉంటే, అది నేలను ఆనే జాగా 7 చదరపు సెంటీమీటర్ల లోపే. అదే నలభై మిల్లీమీటర్ల టైరులో పీడనం రెండున్నర కిలోలు, అంటే గాలి కొట్టేచోట చెప్పే లెక్కలో 35 పాయింట్లు. అప్పుడు ఆనే జాగా దాదాపు 19 చదరపు సెంటీమీటర్లు. అదే బరువు మూడు రెట్ల జాగాలో పరుచుకుంటుంది కాబట్టి వదులు మట్టిలో, ఇసుకలో చక్రం కూరుకుపోదు.

మరి సన్న టైరులోనే గాలి తగ్గిస్తే సరిపోదా? పోదు. రాయి తగలగానే టైరు అణిగి, ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి. గాలి తక్కువగా ఉండాలంటే లోతు ఉండాలి, లోతు ఉండాలంటే వెడల్పు ఉండాలి. నలభై అనే అంకె వెనక ఉన్న తర్కం ఇది.

మరిచిన లోకం, మరవని డెల్టా

1903లో మొదటి టూర్ ద ఫ్రాన్స్ ఆరు అంచెల్లో 2,428 కిలోమీటర్లు సాగింది. ఆ దారుల్లో ఎక్కువ భాగం మట్టీ కంకరే. ఆ తర్వాత యూరప్ రోడ్లు నల్లబడ్డాయి. తారు నున్నబడే కొద్దీ టైర్లు సన్నబడ్డాయి. గత శతాబ్దం చివరికి రేసు సైకిళ్ళు 23 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడ్డాయి.

మన దగ్గర రోడ్డు మారలేదు కాబట్టి సైకిలూ మారలేదు. ఇంగ్లండు రోడ్‌స్టర్ నమూనాలోనే స్వతంత్ర భారతంలో మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్, సోనీపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో మొదలయ్యాయి. తెలుగునాట ఆ సైకిలుకు అసలైన రాజ్యం కృష్ణా, గోదావరి డెల్టాలు. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆనకట్ట నుంచి కాలువలు తవ్వారు. తవ్విపోసిన మట్టి గట్టయింది, గట్టు దారయింది. కిలోమీటరుకు మీటరు కూడా వాలని ఆ నేల మీద గేర్లతో పనే లేదు. పెడలు ఒక్క చుట్టు తిరిగితే సుమారు ఐదు మీటర్లు పోయే ఒకే ఒక్క గేరుతో పాలబిందెలు, ఎరువుల బస్తాలు, వెనక కూర్చున్న మనిషి, ముందు రాడ్డు మీద పిల్లవాడు, అంతా ఊళ్ళు దాటారు.

2010లో వచ్చిన రాజమౌళి సినిమా ‘మర్యాద రామన్న’లో కథానాయకుడి సైకిలుకు రవితేజ గొంతు ఇచ్చారు. సైకిలును ఇంటి మనిషిగా చూసే సమాజంలోనే అలాంటి పాత్ర నప్పుతుంది.

మళ్ళీ మట్టిలోకి

2006లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, చెకుముకి రాళ్ళు తేలిన గడ్డి మైదానాల మధ్య, 200 మైళ్ళ కంకర దారి పందెం మొదలైంది. సన్న టైర్ల రేసు సైకిళ్ళు అక్కడ చీలిపోయాయి, కొండల సైకిళ్ళు బరువుతో వెనకబడ్డాయి. రెండింటికీ మధ్య ఒక యంత్రం కావాల్సి వచ్చింది. రిమ్మును రెండు పక్కలా పట్టే పాత బ్రేకులు వెడల్పాటి టైరుకు చోటివ్వవు. డిస్కు బ్రేకు ఇరుసు దగ్గరికి వెళ్ళిపోవడంతో ఆ అడ్డు తొలగింది. ట్యూబు లేని టైర్లు వచ్చి నలిగే బెడద తీర్చాయి. 2022 అక్టోబరులో గ్రావెల్ బైకులకు తొలి ప్రపంచ పోటీ ఇటలీలో జరిగింది. పురుషుల పందెం విచెంజా నుంచి కోటగోడల పట్టణం చిట్టడెల్లా దాకా 194 కిలోమీటర్లు. ఆ దారిలో చాలా భాగం నదుల పక్కన, పొలాల మధ్య, చదునుగా సాగే మట్టిబాట.

ఆ వర్ణన వింటే కృష్ణ కరకట్టే కళ్ళ ముందు నిలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ దాటి ఎడమకు కొండ, కుడికి నది పెట్టుకుని కాస్త పోతే ఉండవల్లి. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహల్లో శయనించిన అనంతపద్మనాభుడు. అక్కడి నుంచి అరటి తోటల పక్కగా పెనుమాక, వెంకటపాలెం, రాయపూడి మీదుగా, వైకుంఠపురం కొండ దాటితే అమరావతి. అంతా కలిపి సుమారు ముప్పై కిలోమీటర్లు. చివర అమరేశ్వరాలయం, రెండు వేల ఏళ్ళు దాటిన స్తూపం. దాని శిల్పాలు ఎక్కువ భాగం ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. ఇంకా దిగువన భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాలున్నాయి. సైకిలు వేగానికి సరిగ్గా సరిపోయే దూరాలివి.

హైదరాబాదు ఫిల్మ్‌నగర్ వాళ్ళకు ఇంటి పక్కనే ఇలాంటి మరో దారి ఉంది. గుట్ట దిగితే షేక్‌పేట సరాయి, ఆ పైన కుతుబ్‌షాహీ సమాధులు, గోల్కొండ, మూసీ ఒడ్డున తారామతి బారాదరి. ఇంకా ఎగువన 1908 వరదల తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు. ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఎండావానలకు అందులోని కొన్ని ఖనిజాలు బంకమట్టిగా మారిపోతే, అరగని స్ఫటికం గింజలు మిగులుతాయి. అదే మన కాళ్ళ కింద జారే మొరం. డెల్టాలో బంకనేల వానకు చక్రాన్ని పట్టుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి గట్ల మీద కొండప్రాంతాల నుంచి తెచ్చిన ఎర్ర గ్రావెల్ పరుస్తారు. గుట్ట విరిగిన ముక్కలే ఏటిగట్టు దారిని నిలబెడుతున్నాయి.

పాతదానికి కొత్తది నేర్పినవి

ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కాలంటే పాత సైకిలు దిగి నెట్టాల్సిందే. గ్రావెల్ బైకు అతిచిన్న గేరులో ఒక్క చుట్టుకు రెండు మీటర్లే కదులుతుంది. దూరం తగ్గినంత బలం కలిసొస్తుంది, గుట్ట ఎక్కుతుంది. వానలో పాత సైకిలు రాడ్డు బ్రేకు తడిసిన రిమ్ము మీద జారుతుంది, డిస్కు పట్టు తప్పదు.

అసలైన తేడా పల్లేరుకాయ దగ్గర కనిపిస్తుంది. గట్ల మీద పాకే ఈ మొక్క కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. పాత సైకిలుకు అది గుచ్చుకుంటే పంచరు షాపే దిక్కు. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఆగి, ముక్క అంటించి సుత్తితో కొట్టాలి. ట్యూబు లేని టైరులో ముందే పోసిన రబ్బరు పాల ద్రవం ఉంటుంది. ముల్లు ఊడగానే గాలి ఆ ద్రవాన్ని బొక్కలోకి తోస్తుంది, అందులోని నూగు అడ్డుపడుతుంది, పాలు గడ్డకట్టి బొక్క మూసుకుంటుంది. దెబ్బ తగిలిన చోట రక్తం పేరుకున్నట్టు. బండి ఆగనక్కర్లేదు.

ఇక దారుల సంగతి. 2023 అక్టోబరు 1న హైదరాబాదులో నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. మంచి పని. ఊరి లోపల అలాంటివి ఇంకా కావాలి. మూసీ ఒడ్డుకు, కాలువ గట్లకు, కరకట్టకు మాత్రం అంత హంగు అక్కర్లేదు. గుంతలు పూడ్చాలి, ఏటా కాస్త గ్రావెల్ చల్లాలి, నీడకు చెట్లు నాటాలి, లారీలను రానివ్వకూడదు. గట్టు మొత్తం తారు పోసి కార్లకు అప్పగిస్తే మళ్ళీ తిరిగి రాదు. రెండు వందల ఏళ్ళలో ఈ యంత్రం నేర్చుకున్నది, నేలనంతా నున్నగా చేయడం కన్నా చక్రాన్ని నేలకు తగ్గట్టు మలచడం తేలిక, చవక అని. లక్ష రూపాయల గ్రావెల్ బైకూ, పాలవాడి నల్ల సైకిలూ ఒకే దారిలో పక్కపక్కనే సాగగలిగేది ఆ గట్ల మీదే. వాటిని అలా ఉండనివ్వడం మన చేతుల్లోని పని.