ఉన్నతశ్రేణియు విషయకాఠిన్యమును

ఒక విషయమునందు ఉన్నతశ్రేణి నొందినవారు పెక్కురైనచో ఆ విషయము సులభమనియు, కొలదిమంది యైనచో కఠినమనియు లోకులు తలతురు. ఈ తలపు అంతట నిలువదు. శ్రేణి యనునది విద్యార్థుల శక్తిని, ప్రశ్నపత్రముయొక్క స్వభావమును, దిద్దువారి యుదారతను, అధికారులు నిర్ణయించిన హద్దును కలిపి తెలుపు సంజ్ఞ. వీనిని విడదీయక విషయకాఠిన్యమును నిర్ణయింపరాదు.

మొదట హద్దును విచారింతము. ఆంధ్రప్రదేశమున పదవతరగతి ఫలితములు 2012 మొదలు కొన్ని యేండ్లు శ్రేణులలో ప్రకటింపబడెను. 2022లో మరల మార్కులలో వెలువడెను. ఉత్తీర్ణతకు తెలుగు, గణితము మున్నగువానియందు నూటికి 35 మార్కులు వలసియుండగా, ద్వితీయభాష యగు హిందీయందు 20 చాలియుండెను. కావున ఈ రెంటి యుత్తీర్ణతాశాతములను సరిపోల్చి హిందీ సులభమనుట హద్దును మఱచుటయే యగును.

పండితులకు మిక్కిలి సన్నిహితమైన యుదాహరణము ఇంటర్మీడియెటునందలి సంస్కృతము. గణితశాఖలో చిరకాలము మొత్తము 1000 మార్కులు. అందు 750 వచ్చినచో ప్రథమమగు ఎ-శ్రేణి. ద్వితీయభాషకు రెండేండ్లకును కలిపి 200. ఈ భాషగా తెలుగును విడిచి సంస్కృతమును గ్రహించినచో మార్కులు సులభముగ వచ్చునని ప్రతీతి. పాఠ్యాంశప్రశ్నలకు తెలుగునగాని ఆంగ్లమునగాని ఉత్తరము వ్రాయ నవకాశముండుట దీనికొక కారణము. సంస్కృతభాష తెలుగుకంటె సులభమని దీనివలన సిద్ధింపదు. భాష వేఱు, భాషాపరీక్ష వేఱు.

ఆంగ్లదేశమునందును ఇట్టిదే కానవచ్చును. అచటి ఎ-లెవెలు పరీక్షలలో 1963 మొదలు ప్రథమశ్రేణి నూటికి పదిమందికి అను మార్గదర్శక ముండెను. 1987లో ఆ పద్ధతి విడువబడెను. నేడు ఉన్నతగణితమున ప్రథమశ్రేణివారి శాతము మిక్కిలి హెచ్చు. గణితమున నారితేఱినవారే దానిని గ్రహించుట యిందులకు హేతువు.

మఱి కాఠిన్యమును కొలుచు టెట్లు? తెనాలి, బాపట్ల, రేపల్లెలందలి కళాశాలలలో సంస్కృతము చదువువారిని, తెలుగు చదువువారిని తీసికొందము. ఉభయులును ఆంగ్లమును, గణితమును సామాన్యముగ వ్రాయుదురు. ఆ రెంటియందు సమానముగ మార్కులు వచ్చినవారిని జతపఱచి, వారి ద్వితీయభాషా మార్కులను పోల్చవలయును. సంస్కృతమువారికి ఎల్లెడల హెచ్చు వచ్చినచో అది పత్రముయొక్క సౌలభ్యమునకు గుర్తు. జిల్లాల సగటులను ముందువెనుకల పోల్చుట పనికిరాదు. ఈ మూడు పట్టణములును గుంటూరుజిల్లాలో నుండగా, 2022 ఏప్రిలు 4న బాపట్లజిల్లా యేర్పడి బాపట్ల, రేపల్లెలు అందు చేరినవి.

ఈ విచారణ లేక శ్రేణులను మాత్రము లెక్కించినచో కష్టమైన పత్రమును బోధించు పండితుడు అసమర్థుడుగ తోచును; విద్యార్థి తనకు ప్రియమైన భాషను విడిచి మార్కులిచ్చు పత్రమును చేరును; తెలుగు తరగతి పలుచబడును. పత్రముల కాఠిన్యమును సరిచేయుట పరీక్షాధికారుల విధి. సంఖ్యను చూచి భాషను తూచకుండుట పండితుల విధి.