పసిపిల్లల పోషకాహార లోపం – పేగులలోని సూక్ష్మజీవుల పాత్ర

పోషకాహార లోపంతో చిక్కిపోయిన బిడ్డకు శక్తినిచ్చే ఆహారం సమృద్ధిగా అందిస్తే తిరిగి కోలుకుంటుందన్నది చిరకాలంగా ఉన్న అభిప్రాయం. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజ లవణాలు కలిపి తయారుచేసిన చికిత్సాహారం 1990ల చివరి నుండి అనేక దేశాలలో లెక్కలేనంత మంది పసిపిల్లల ప్రాణాలు కాపాడింది. అయితే ప్రాణాపాయం నుండి బయటపడిన పిల్లలలో చాలామంది వయసుకు తగిన ఎత్తు పెరగకపోవడం, కొందరు మళ్ళీ చిక్కిపోవడం వైద్యులు గమనిస్తూ వచ్చారు. ఈ లోటుకు గల కారణాలలో ఒకటి పేగులలోని సూక్ష్మజీవులని గత దశాబ్దపు పరిశోధనలు సూచిస్తున్నాయి.

కవల పిల్లలు చెప్పిన సంగతి

ఆఫ్రికాలోని మలావి దేశంలో 317 కవల జంటలను మూడేళ్ళ వయసు వచ్చేవరకు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒకే ఇంట పెరుగుతున్నప్పటికీ అనేక జంటలలో ఒక బిడ్డ ఆరోగ్యంగా ఉండగా, మరొక బిడ్డ తీవ్ర పోషకాహార లోపానికి గురైంది. అటువంటి కొన్ని జంటల మలంలోని సూక్ష్మజీవులను, పేగులలో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలలో ప్రవేశపెట్టి, వాటికి మలావి ప్రజల ఆహారాన్నే ఇచ్చారు. జబ్బుపడిన బిడ్డ సూక్ష్మజీవులను పొందిన ఎలుకలు బాగా బరువు కోల్పోయాయి. అనగా లోపం ఆహారంలో మాత్రమే కాక, దానిని వినియోగించుకొనే సూక్ష్మజీవ సముదాయంలో కూడా ఉన్నదని తేలింది.

వయసుకు తగిన ఎదుగుదల

బిడ్డ పుట్టిన తొలి నెలలలో తల్లిపాలలోని ప్రత్యేక చక్కెరలను వినియోగించుకొనే బిఫిడోబాక్టీరియా పేగులలో అధికంగా ఉంటుంది. అనుబంధ ఆహారం మొదలైన తరువాత పప్పులు, కూరగాయలు, పండ్లలోని పీచును, పిండిపదార్థాలను విడగొట్టే జాతులు క్రమంగా స్థిరపడతాయి. ఢాకా నగరంలోని మీర్పూర్ మురికివాడలో 50 మంది ఆరోగ్యవంతులైన శిశువుల మల నమూనాలను రెండేళ్ళపాటు నెలనెలా పరీక్షించి, ఈ మార్పు ఏ వయసులో ఎట్లా ఉండాలో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలలో ఈ సముదాయం వారి వయసుకు తగినట్లుగా ఎదగలేదు. చికిత్సాహారం ఇచ్చినపుడు కొంత మెరుగుపడినా, ఆ మార్పు నిలవలేదు. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

నేలలో సేంద్రియ పదార్థం, మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గినపుడు వేసిన ఎరువు పైరుకు పూర్తిగా దక్కదని రైతులకు తెలిసినదే. బిడ్డ పేగులలోనూ కొంతవరకు అటువంటి స్థితే ఏర్పడుతుంది.

సూక్ష్మజీవులకు తగిన ఆహారం

ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రానికి చెందిన డా. తహ్మీద్ అహ్మద్, అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డా. జెఫ్రీ గోర్డన్ బృందాలు, మేలుచేసే సూక్ష్మజీవులను పెంపొందించే ఆహారం కోసం స్థానికంగా లభించే పదార్థాలను జంతువులపైన, అనంతరం పిల్లలలోను పరీక్షించాయి. శనగపిండి, వేరుశనగ పిండి, సోయాచిక్కుడు పిండి, పచ్చి అరటికాయ ప్రధానంగా గల మిశ్రమం ఉత్తమమని తేలింది. ఇందులో పాలపొడి లేదు.

ఈ మిశ్రమాన్ని మీర్పూర్‌లో 12 నుండి 18 నెలల వయసుగల, మధ్యస్థ పోషకాహార లోపమున్న పిల్లలకు మూడు నెలలపాటు ఇచ్చి, బియ్యం, పప్పు, పాలపొడితో తయారైన వాడుకలోని అనుబంధ ఆహారంతో పోల్చారు. రోజుకు 50 గ్రాముల చొప్పున ఇచ్చిన ఈ ఆహారాలలో పాతదానిలో 247 కిలో కేలరీలు, కొత్తదానిలో 204 కిలో కేలరీలు మాత్రమే ఉన్నాయి. అయినప్పటికీ ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచిక వారానికి సగటున పెరిగిన రేటు కొత్త ఆహారంతో 0.021, పాతదానితో 0.010. బరువు పెరుగుదలతో అనుబంధమున్న 21 రకాల బాక్టీరియా, ఎముకల ఎదుగుదలకు, నాడీ వికాసానికి సంబంధించినవి సహా రక్తంలోని 70 ప్రోటీన్లు కూడా గుర్తించబడ్డాయి. ఇది 2021లో ప్రచురితమైంది. అయితే ప్రయోగంలో పాల్గొన్న పిల్లల సంఖ్య సుమారు 120 మాత్రమే. అది ఒక్క ప్రాంతానికి పరిమితమైనది.

తెలుగు ప్రాంతాలకు ప్రాముఖ్యం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లలలో ఎత్తుకు తగిన బరువు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం, తెలంగాణలో 21.7 శాతం. వయసుకు తగిన ఎత్తు లేనివారు వరుసగా 31.2, 33.1 శాతం. పై మిశ్రమంలోని నాలుగు పంటలూ ఇక్కడివే. నల్లరేగడి భూములలో రబీ శనగ, రాయలసీమ వేరుశనగ, ఆదిలాబాద్ సోయాచిక్కుడు, కడప, గోదావరి జిల్లాల అరటి ప్రసిద్ధమైనవి. అంగన్‌వాడీల ద్వారా పంపిణీ అయ్యే బాలామృతంలో శనగ ఇప్పటికే ఒక భాగం. అందువలన ఇటువంటి మిశ్రమాలను మన పిల్లలలో పరీక్షించడానికి ముడిసరుకు కొరత లేదు.

ఇందులో వ్యవసాయ శాస్త్రజ్ఞుల బాధ్యత రెండు విధాలు. మొదటిది, వేరుశనగలో ఆఫ్లటాక్సిన్ నివారణ. పంట చివరి దశలో బెట్ట, కోత తరువాత తేమ వలన ఆస్పర్జిల్లస్ శిలీంధ్రం విస్తరించి ఈ విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. కావున కాయలను తేమ 8 శాతానికి తగ్గేవరకు ఆరబెట్టి, ముడుచుకొనిన, బూజుపట్టిన గింజలను ఏరివేసిన సరుకునే శిశు ఆహారానికి వినియోగించాలి. రెండవది, ఏ రకపు శనగలో, ఏ దశలో కోసిన అరటికాయలో సూక్ష్మజీవులకు ఉపకరించే పీచు, పిండిపదార్థాలు అధికమో నిర్ధారించడం. దిగుబడి, ప్రోటీను శాతంతోపాటు ఈ గుణాన్ని కూడా రకాల ఎంపికలో పరిగణించవచ్చు.

ఈ మిశ్రమం ఇంటి చిట్కా కాదని గుర్తించాలి. విటమిన్లు, ఖనిజాలు నిర్ణీత పాళ్ళలో కలిపినందుననే అది సంపూర్ణాహారమైంది. పాదాల వాపు, తీవ్రమైన చిక్కుదల గల బిడ్డను ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తరలించాలి. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆపైన తల్లిపాలతోపాటు పప్పు, కూరగాయలు, పండ్లు మెత్తగా చేసి తినిపించడం బిడ్డకే కాక, బిడ్డ పేగులలోని సూక్ష్మజీవులకు కూడా పోషణ.