వావ్ కౌంటీలు

అమెరికాలో ఎన్నికల రాత్రి విస్కాన్సిన్ రాష్ట్రం లెక్క తేలేటప్పుడు టీవీల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. మిల్వాకీ నగరాన్ని ఆనుకుని వాకెషా, ఒజాకీ, వాషింగ్టన్ అనే మూడు శివారు కౌంటీలున్నాయి. ఇంగ్లిష్‌లో వాటి మొదటి అక్షరాలు కలిపితే ‘వావ్’ అవుతుంది. దశాబ్దాలుగా ఇవి రిపబ్లికన్ల కంచుకోటలు.

కోట కూలలేదు కానీ గోడలు అరుగుతున్నాయి. వాకెషాలో 2012లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రోమ్నీకి సుమారు 67 శాతం ఓట్లు పడితే, 2020లో ట్రంప్‌కు 60 శాతమే వచ్చాయి. ఒజాకీలో అదే కాలంలో 65 నుంచి 55కు పడిపోయాయి. అక్కడి సీడర్‌బర్గ్ పాత రాతి కట్టడాలున్న చిన్న పట్టణం. 2020లో అది 19 ఓట్ల తేడాతో డెమొక్రాట్ అభ్యర్థి బైడెన్‌ వైపు మొగ్గింది! పల్లె వాతావరణం ఇంకా మిగిలిన వాషింగ్టన్ కౌంటీ మాత్రం పెద్దగా కదల్లేదు.

ఎందుకీ మార్పు? నన్నడిగితే మొదట చదువే చెబుతాను. కాలేజీ డిగ్రీ ఉన్నవాళ్లు ట్రంప్ వచ్చాక దేశమంతటా రిపబ్లికన్ పార్టీకి దూరం జరిగారు. అలాంటివాళ్లు ఒజాకీ, వాకెషాల్లో ఎక్కువ. 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును తీసేశాక శివారు మహిళల ఓటు మరింత కీలకమైంది.

ఇక్కడ రిపబ్లికన్లు గెలుస్తారా అని ఎవరూ అడగరు, ఎంత మెజారిటీ అని అడుగుతారు. ఎందుకంటే రాష్ట్రం మొత్తంలో 2016లో ట్రంప్ 23 వేల లోపు, 2020లో బైడెన్ 21 వేల లోపు ఆధిక్యంతోనే గట్టెక్కారు. 2024లో ట్రంప్ సుమారు 29 వేలతో మళ్లీ గెలిచారు. శివార్లలో తరిగింది పల్లెల్లో పూడింది.