దుఃఖాన్ని దాటవేయని జపాన్ పాటలు

మనసు బాగోలేనప్పుడు హుషారైన పాట పెట్టుకోమని సలహా ఇవ్వడం తేలిక. తీరా పెట్టుకుంటే గాయకుడి ఉత్సాహం మనకు అంటకపోగా చిరాకు పుడుతుంది. లోకమంతా బాగానే ఉంది, నాకే ఏదో అయింది అన్న భావం ఇంకాస్త బలపడుతుంది. ధైర్యం చెప్పే పాటలకు జపాన్‌లో పెద్ద సంప్రదాయమే ఉంది. తరాలు మారినా అక్కడ నిలిచిన అలాంటి పాటలను వరసగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వాటిలో గట్టివి దుఃఖాన్ని పక్కకు నెట్టవు. ముందు దాన్ని ఒప్పుకుంటాయి, ఆ తర్వాతే లేవమంటాయి. వాటి బలమంతా ఆ క్రమంలోనే ఉందని నా వాదన.

ఇందుకు మొదటి సాక్ష్యం 1961లో వచ్చిన ‘ఉయె ఒ ముయితె అరుకో’. తల పైకెత్తి నడుద్దామన్నది దాని సారాంశం. తల ఎత్తడం గర్వంతో కాదు, కళ్లలో నిండిన నీళ్లు జారిపోకుండా. పాట ముగిసేసరికి ఆ మనిషి కష్టం తీరదు, తోడెవరూ దొరకరు, నడక మాత్రం ఆగదు. రాసిన రొకుసుకే ఎయి, అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా 1960లో జపాన్‌ను ఊపేసిన నిరసనల్లో పాల్గొన్నవాడు. ఒప్పందం ఆగలేదు. ఆ ఓటమి మిగిల్చిన నిస్పృహలోంచి పుట్టిన పాట ఇది. అయినా రాజకీయం ఊసే రానివ్వలేదు కాబట్టి ప్రేమలో ఓడినవాడూ, ఊరు వదిలి పట్నంలో ఒంటరైనవాడూ ఇది నా గురించే అనుకోగలిగారు. హచిదాయి నకమురా కట్టిన బాణీ మాత్రం బరువు లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ సాగిపోతుంది. పాడింది పంతొమ్మిదేళ్ల క్యూ సకమోటో. మాటను విరిచి, గొంతులో చిన్న ఎక్కిళ్లు పెట్టి పాడే రాకబిల్లీ పద్ధతి అతనిది. మొదట్లో ఎయికి అది అసలు నచ్చలేదట. కానీ పాటకు ప్రాణం పోసింది ఆ విరుపే. ఒకచోట మాటలు ఆగిపోయి ఈల వినిపిస్తుంది. గొంతు పూడుకుపోయి ఇక మాట పెగలని మనిషి చెయ్యగలిగింది అదొక్కటే అన్నట్టుంటుంది. 1985లో 520 మందిని బలిగొన్న విమాన ప్రమాదంలో సకమోటో చనిపోయాక ఈ పాటకు ఇంకొక బరువు చేరింది. 2011 సునామీ తర్వాత టీవీ ప్రకటనల్లో నటులు, గాయకులు తలా ఒక ముక్క పాడినప్పుడు అది ఎవరికీ కాలం చెల్లిన పాటలా అనిపించలేదు.

‘పోరాడు’, ‘ఓడిపోకు’ అనే పాటలు కూడా జపాన్‌లో తక్కువేమీ లేవు కదా, అవి ఆదేశాలే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కుంగుబాటులో ఉన్న మనిషిని ఇంకా గట్టిగా ప్రయత్నించమనడం మంచిది కాదని జపాన్ మానసిక వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అప్పటికే శక్తికి మించి ప్రయత్నించి అలసిపోయినవాడికి ఆ మాట నిందలా తగులుతుంది. ఇజుమి సకాయి రాసి, తన జార్డ్ బృందం పేరిట పాడిన ‘మకెనైదె’ (‘ఓడిపోకు’) 1993లో విడుదలై పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. వేలంవెర్రిగా పెరిగిన భూముల ధరలు, షేర్లు కుప్పకూలి దేశం దిగాలుగా ఉన్న రోజులవి. టీవీలో ఏటా జరిగే ఇరవైనాలుగు గంటల సేవా కార్యక్రమంలో, సుదీర్ఘ పరుగు చివరి ఘట్టంలో ఈ పాట అందుకోవడం ఆనవాయితీ. అందులోనే దాని గుణమూ, హద్దూ రెండూ తెలుస్తాయి. అది పరుగు మొదలుపెట్టి చివరికి చేరువైనవాడికి పనికొచ్చే పాట. మంచం దిగలేనివాడికి కాదు. దీన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. సందర్భం తప్పితే మంచి పాట కూడా ములుకవుతుందనే అంటున్నాను.

మియుకి నకజిమా 1983లో పాడిన ‘ఫైట్!’ పేరుకు ఇంతకన్నా గట్టి ఆదేశమే. కానీ నిర్మాణం చూడండి. ఆమె అర్ధరాత్రి రేడియో కార్యక్రమం నడిపేది. హైస్కూలు చదువు లేదన్న కారణంతో పని దొరకని ఒక అమ్మాయి ఆ కార్యక్రమానికి రాసిన ఉత్తరం ఈ పాటకు మూలం. అవమానాలు, పిరికితనం, చూసి కూడా చూడనట్టు తప్పుకున్న క్షణాలు, ఇవన్నీ ఒక్కొక్కటిగా చెప్పాకే నకజిమా ఆ పిలుపు ఇస్తుంది. కష్టం మొత్తం విన్న మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టి అది ఆజ్ఞలా వినపడదు. పదకొండేళ్ల తర్వాత, 1994లో ఇదే పాట సింగిల్‌గా మళ్లీ వచ్చి పెద్ద విజయం సాధించింది.

ఈ క్రమానికి శాస్త్రంలోనూ కొంత ఆధారముంది. అమెరికన్ మానసిక వైద్యుడు ఐరా ఆల్ట్‌షూలర్ 1940ల్లోనే ఒక సూత్రం చెప్పాడు. రోగి ఏ మనఃస్థితిలో ఉంటే అలాంటి సంగీతంతోనే మొదలుపెట్టి, మెల్లగా వేరే స్థితి వైపు నడిపించాలని. సంగీత చికిత్సలో ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. జపాన్‌లోనే అయి కవకామి, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 44 మందికి విషాద సంగీతం వినిపించి అడిగారు. వారు ఆ సంగీతంలో గుర్తించిన విషాదం కన్నా తమలో కలిగిందని చెప్పిన విషాదం తక్కువ. దానితోపాటు ఒక రకమైన హాయి కూడా కలిగిందన్నారు. ఇంత చిన్న అధ్యయనంతో అంతా తేలిపోయిందనలేం. అయినా విషాద గీతం వింటే మనిషి మరింత కుంగిపోతాడన్న భయం అన్నివేళలా నిజం కాదనడానికి ఇది చాలు.

పాటలకు అంత శక్తి ఉంటే, 1998 నుంచి 2011 వరకు జపాన్‌లో ఏటా ముప్పై వేలకు పైగా ఆత్మహత్యలు ఎలా జరిగాయి? ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. జవాబు సూటిగానే చెప్పాలి. పాట అప్పు తీర్చదు, పని గంటలు తగ్గించదు, జబ్బు నయం చెయ్యదు. అందుకే జపాన్ ప్రభుత్వం 2006లో ఆత్మహత్యల నివారణకు ప్రత్యేక చట్టం తెచ్చింది. చెయ్యాల్సిన పని అది. పాట చెయ్యగలిగింది చాలా తక్కువ. ఒక చెడ్డ సాయంత్రాన్ని రాత్రిదాకా లాక్కురాగలదు, నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారని చెప్పగలదు. బరువు రోజుల తరబడి తగ్గకపోతే పాటల జాబితా కాదు, మాట్లాడే మనిషి కావాలి. మన దేశంలో ఉన్నవాళ్లకు 14416 నంబరులో టెలి మానస్ సేవ ఉచితంగా దొరుకుతుంది.

భాష తెలియని తెలుగువారికి ఇవి ఎలా అందుతాయన్నది మిగిలిన ప్రశ్న. 1963 జూన్‌లో సకమోటో పాట అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ అది విడుదలైన పేరు ‘సుకియాకి’. అదొక మాంసం వంటకం. పాటలో మాంసమూ లేదు, పొయ్యీ లేదు! ఇంత అన్యాయం జరిగినా బాణీ దాని దారి అది చూసుకుంది. మనకైతే అది మరీ కొత్తగా ఉండదు. నాలుగో స్వరం, ఏడో స్వరం వదిలేసి ఐదు స్వరాలతో పాట కట్టడం జపాన్‌లో మెయిజీ కాలం నాటి బడి పాటల నుంచీ ఉన్న అలవాటు. సకమోటో పాటలోనూ ప్రధాన భాగం ఎక్కువగా ఆ స్వరాల మీదే నడుస్తుంది. మన మోహన రాగానికి వాడే స్వరాలూ అవే. గమకాలు లేవు కాబట్టి రాగం అదే అనలేం గానీ, చెవికి చుట్టరికం తెలుస్తుంది. అయితే బాణీతో సరిపెట్టుకుంటే సగమే దక్కుతుంది. సునామీ బాధితుల కోసం వచ్చిన ‘హన వ సకు’నే తీసుకోండి. రాసిన షుంజి ఇవాయి, స్వరపరిచిన యోకో కన్నో ఇద్దరూ దెబ్బతిన్న సెండాయ్ నగరం వారే. పూలు పూస్తాయనే ఆ పాట వింటే మామూలు ఆశావాదమే అనిపిస్తుంది. అందులో మాట్లాడుతున్నది పోయినవాళ్లని తెలిశాక అది వేరే పాట. కాబట్టి ముందొకసారి అర్థం చదవండి. మనసు మరీ దిగులుగా ఉన్నప్పుడు సకమోటోతో మొదలుపెట్టి, కోపం కూడా కలిసిన దిగులైతే నకజిమా దగ్గరికి వెళ్లండి. ‘మకెనైదె’ను మాత్రం మళ్లీ చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లే రోజుకు ఉంచుకోండి.