బోధ కంటే ముందు బువ్వ: జపాన్ భూకంపాలలో క్రైస్తవ సేవకులు

జపాన్ దేశంలో క్రైస్తవులు నూటికి ఒక్కరు మాత్రమే. ఆ మతం అక్కడ అడుగుపెట్టి నాలుగున్నర శతాబ్దాలు దాటింది. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ మన గోవా నుంచే ఓడలో బయలుదేరి, ఆగస్టు నెలలో దక్షిణ జపాన్‌లోని కగోషిమా రేవులో దిగారు. 1614లో పాలకులు ఆ మతాన్ని దేశమంతటా నిషేధించారు. ఆ నిషేధం 1873లో గాని తొలగలేదు. ఆ తర్వాత ఎందరో మిషనరీలు వెళ్లారు. బడులు పెట్టారు, ఆసుపత్రులు కట్టారు. అయినా విశ్వాసుల సంఖ్య పెద్దగా పెరగలేదు. కాని భూమి కంపించినప్పుడు, సముద్రం ఊళ్ల మీద పడినప్పుడు ఈ కొద్దిమందే తమ సంఖ్యకు మించిన పని చేసి చూపించారు.

మురికివాడలో కాపురం

ఈ సేవకు బాట వేసినవారిలో ముఖ్యుడు తొయొహికో కగావా. 1888లో కోబె నగరంలో పుట్టిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. తొకుషిమా పట్టణంలో చదువుకునే రోజుల్లో లోగన్, మయర్స్ అనే ఇద్దరు అమెరికా మిషనరీల దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లారు. వారి ఆదరణ ఆయన మనసును మార్చింది. 1904లో బాప్తిస్మం తీసుకున్నారు. అయినవాళ్లు దూరం పెట్టినా ఆయన వెనుదీయలేదు.

1909లో క్రిస్మస్ ముందురోజున కగావా తన సామాను తీసుకుని కోబెలోని షింకవా మురికివాడకు వెళ్లి, ఒక ఇరుకు గదిలో కాపురం పెట్టారు. రోగులకు, దిక్కులేనివారికి ఆ గదిలోనే చోటిచ్చారు. అక్కడ సోకిన ట్రకోమా అనే కంటిజబ్బు వల్ల ఆయన చూపు చాలావరకు దెబ్బతిన్నది. 1913లో పెళ్లాడిన హారు ఆయనతోపాటు ఆ వాడలోనే నివసించి సేవ చేశారు.

మిట్టమధ్యాహ్నం మంటలు

1923 సెప్టెంబరు 1న మధ్యాహ్నం పన్నెండు కావడానికి రెండు నిమిషాలు ఉందనగా తోక్యో, యొకహామా ప్రాంతాలు కంపించాయి. ఇంటింటా పొయ్యిల మీద వంట అవుతున్న సమయం. చెక్క ఇళ్లు కూలి నిప్పంటుకున్నాయి. దానికి బలమైన గాలి తోడయింది. లక్షమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. హోంజో పేటలో సైనిక దుస్తుల డిపో తాలూకు ఖాళీ స్థలంలో తల దాచుకున్నవారిని మంటలు చుట్టుముట్టాయి. ఆ ఒక్కచోటే దాదాపు 38 వేల మంది మరణించారు.

ఆ వార్త విన్న వెంటనే కగావా కోబె నుంచి ఓడ ఎక్కారు. నష్టం కళ్లారా చూసి, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి విరాళాలు పోగుచేశారు. ఆ తర్వాత హోంజోలోనే గుడారాలు వేయించి మకాం పెట్టారు. ఆకలితో, చలితో వణికేవారికి ముందు కావలసినవి అన్నం, దుప్పటి, మందు. బోధ ఆ తర్వాత.

దానం ఎన్నాళ్లు?

ఇచ్చిన బియ్యం నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత బాధితుడు అప్పుకోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి. కగావా బృందం ఈ సంగతి గుర్తించి సహకార సంఘాల దారి పట్టింది. 1927లో తోక్యో తూర్పు పేటలలో వినియోగదారుల సంఘం, 1928లో సామాన్యుడు చిన్న వస్తువు కుదువపెట్టి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకునే పరపతి సంఘం ఏర్పడ్డాయి. కొన్నాళ్లకు సభ్యులే వాటాదార్లుగా ఒక వైద్య సహకార సంఘం కూడా వెలిసింది. పరపతి సంఘంలో వాటా ఉన్న మన రైతులకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కరలేదు.

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు కగావా వచ్చారు. మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు కూడా ఆ సభలో పాల్గొన్నారు. 1939 జనవరిలో కగావా బార్డోలీ వెళ్లి గాంధీజీని కలుసుకున్నారు. చైనా మీద జపాన్ సాగిస్తున్న యుద్ధం సంగతి గాంధీజీ ఆయనను సూటిగానే అడిగారు. సేవ చేసేవాడు తన దేశపు తప్పుకు కూడా జవాబు చెప్పుకోవాలన్నమాట.

కాగితపు చర్చి

1995 జనవరి 17న తెల్లవారుజామున భూకంపం వచ్చి కోబె నగరం కుప్పకూలింది. 6,434 మంది మరణించారు. కగావా ప్రోత్సాహంతో 1921లో మొదలైన అక్కడి సహకార సంఘానికి ప్రధాన కార్యాలయమే కూలిపోయింది. అయినా, ఆపద వేళ సరుకులు అందిస్తామని నగర పాలక సంస్థకు ముందే ఇచ్చిన మాట ప్రకారం అది నిలబడి సరఫరా చేసింది. కగావా కన్నుమూసి అప్పటికి దాదాపు 35 ఏళ్లు.

అదే నగరంలో తకతోరి కాథలిక్ చర్చి మంటల్లో కాలిపోయింది. చుట్టుపక్కల చెప్పుల కార్ఖానాలలో పనిచేసే వియత్నాం శరణార్థులు చాలామంది వీధిన పడ్డారు. షిగెరు బాన్ అనే వాస్తుశిల్పి వారికి గట్టి కాగితపు గొట్టాలతో ఇళ్లు వేయించారు. బీరు సీసాల పెట్టెలలో ఇసుక నింపి, వాటినే పునాదులు చేశారు. 58 కాగితపు గొట్టాలతో చర్చి కూడా లేచింది. వాలంటీర్లే కూలీలు. తాత్కాలికమనుకున్న ఆ కట్టడం పదేళ్లు నిలిచింది. 2005లో విప్పి, 1999 భూకంపంలో దెబ్బతిన్న తైవాన్ పల్లెకు తరలించారు. తకతోరి ఆవరణ నుంచే పలు భాషలలో మాట్లాడే చిన్న రేడియో కేంద్రం కూడా నడిచింది. జపనీసు రాని బాధితుడికి సమాచారం కూడా అన్నమంత అవసరమే.

వినడమే సేవ

2011 మార్చి 11న ఈశాన్య జపాన్ తీరాన్ని సునామీ ముంచెత్తింది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 18 వేలకు పైమాటే. దేశ విదేశాల నుంచి క్రైస్తవ సంఘాలు బురద ఎత్తడానికి, సరుకులు పంచడానికి కదిలాయి. అయితే, సాయం పేరిట మతప్రచారమా అన్న అనుమానం ఇలాంటి చోట రావడం సహజమే. దానికి సెండాయి నగరంలో మంచి జవాబు దొరికింది. పాస్టర్లు, బౌద్ధ సన్యాసులు ఒకచోట కూర్చుని, అయినవారిని పోగొట్టుకున్నవారి గోడు వినసాగారు. కనెతా తాయియో అనే బౌద్ధ గురువు ‘కఫే ద మొంకు’ పేరుతో ఊరూరా కాఫీ పంచుతూ కష్టసుఖాలు విన్నారు. ఇంగ్లీషులో ‘మంక్’ అంటే సన్యాసి. జపనీసు భాషలో ‘మొంకు’ అంటే ఫిర్యాదు. ఎవరి బాధ వారు చెప్పుకోవచ్చునని భావం. 2012లో తొహోకు విశ్వవిద్యాలయం ఇలాంటి సేవకులకు శిక్షణ ప్రారంభించింది. బాధితుడి మీద తమ మతాన్ని రుద్దరాదన్నది అందులో ముఖ్య నియమం.

ఇంత చేసినా జపాన్‌లో క్రైస్తవులు నేటికీ నూటికి ఒక్కరే. లెక్క చూసుకునేవారికి ఇది నష్టంగా కనిపించవచ్చు. కాని గుడారంలో దుప్పటి అందుకున్న తల్లి, తన భాషలో రేడియో విన్న శరణార్థి, కాఫీ గ్లాసు పట్టుకుని గుండెబరువు దించుకున్న ముసలాయన ఏ చర్చి రిజిస్టరుకూ ఎక్కరు. ఆపదలో ఆదుకున్న చేతిని ఏ మతానిదని ఎవరూ అడగరు. ఎంతకాలం వదలకుండా పట్టుకుందన్నదే గుర్తు పెట్టుకుంటారు.